సూదికి ముందు పావుగంట

చిరంజీవి హారికకు, మలక్‌పేట నుంచి మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) పూర్తిచేసి, వచ్చే నెల నుంచి ఇళ్లకు వెళ్లి రక్తం తీసే పనిలో చేరుతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పగానే, నా విద్య ఇంట్లో నిలిచిందన్న గర్వంతో పాటు, గంటకు ఇన్ని ఇళ్లని లెక్కగట్టే ఉద్యోగం నీ చేత తొందర పనులు చేయిస్తుందేమోనన్న బెంగ కూడా పట్టుకుంది. చేతి తొడుగులు మార్చడం, ట్యూబు మీద పేరు రోగి ఎదుటే రాయడం నీకు నేర్పే ఉంటారు. నేను రాస్తున్నది నా తప్పు గురించి.

1988 వేసవిలో సుల్తాన్ బజార్‌లోని ఒక ల్యాబులో ఉన్నాను. ఉద్యోగానికి ఫిట్‌నెస్ పరీక్ష కోసం వచ్చిన ఒక కుర్రవాడు, బస్సు ఆలస్యమైందని గౌలిగూడ బస్టాండు నుంచి ఎండలో పరుగెత్తి వచ్చి, రొప్పుతూనే బల్ల మీద చెయ్యి చాచాడు. సూదిని చూసి అతని పెదవులు పాలిపోయాయి. అయినా వెంటనే గుచ్చేశాను. మైక్రోస్కోపు కింద రెండుసార్లు లెక్కపెట్టినా తెల్లకణాలు ఘన మిల్లీమీటరు రక్తానికి 16,400 వచ్చాయి. ఉండవలసినవి 4,000 నుంచి 11,000. లెక్కలో పొరపాటు లేదు గనుక రిపోర్టు అలాగే ఇచ్చాను. రక్త క్యాన్సరేమోనని ఎవరో ఆ తల్లి చెవిన వేశారు. నాలుగో రోజు ఆమె కొడుకును వెంటబెట్టుకొని వచ్చి, కొంగుముడి విప్పి, చెమటకు మెత్తబడిన నోట్లు ఒక్కొక్కటే నా ముందు పరిచి, "ఇంకొక్కసారి చూడమ్మా" అంది. అతన్ని అరగంట కూర్చోబెట్టి తీశాను. 7,200. డబ్బు తీసుకోలేదు గాని, ఉద్యోగం గడువు అప్పటికే దాటిపోయింది.

పరుగుకూ భయానికీ ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోను పొంగి, రక్తనాళాల గోడలను అంటిపెట్టుకున్న తెల్లకణాలను నిమిషాల్లో ప్రవాహంలోకి దింపుతుంది. గుక్కపట్టి ఏడ్చిన పసివాడికీ అంతే. ఆ అడ్రినలిన్ రక్తంలో చక్కెరనూ పెంచుతుంది, రక్తం గడ్డకట్టే వేగాన్నీ పెంచుతుంది; ఈ రెండో సంగతి వాల్టర్ కానన్ అనే అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త 1914లోనే జంతువుల్లో చూపాడట, నాకు తెలిసేసరికి ఆ కుర్రవాడు వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. దిగులు గంటల తరబడి సాగితే కార్టిసాల్ అనే మరో హార్మోను అందుకొని, తెల్లకణాల రకాల్లో లింఫోసైట్లను తగ్గించి న్యూట్రోఫిల్స్‌ను పెంచుతుంది. ముందురోజు జిమ్‌లో బరువులెత్తినవారికి సీపీకే (కండరాల నుంచి రక్తంలోకి వచ్చే ఎంజైము) అమాంతం పెరిగి ఉండవచ్చు. అందుకని అడుగు, తల్లీ. మెట్లెక్కి వచ్చారా, రాత్రి నిద్రపోయారా, ఇంట్లో ఏమైనా జరిగిందా అని అడిగి, పావుగంట కూర్చోబెట్టి, అప్పుడు తియ్యి. ఆగడానికి వీల్లేకపోతే ఆ మాట చీటీ మీద రాసి పెట్టు.

నరం దొరకలేదని పిడికిలి పదేపదే మూసి తెరవమనకు, పొటాషియం లేనిపోని ఎత్తు చూపిస్తుంది. రబ్బరు పట్టీ ఒక నిమిషం దాటనివ్వకు, ఆ భాగంలో నీరు బయటికి జారి రక్తం చిక్కబడుతుంది.

లిఫ్టు లేని నాలుగో అంతస్తు ఎక్కితే నీ చెయ్యీ వణుకుతుంది. చిన్నప్పుడు సైకిలు దిగగానే వణికేది, నాకు గుర్తుంది. రోగితో పాటు నువ్వూ కాసేపు కూర్చో. పొద్దున్నే ఏదో ఒకటి తినే బయలుదేరు. పరగడుపున ఉండవలసింది వాళ్లు, నువ్వు కాదు.

నీ మేనత్త