అనంతపురంలో అత్తామామలను ఏషియన్ ఫ్యూజన్ రెస్టారెంట్‌కు తీసుకెళ్లొచ్చా?

పెళ్లిరోజుకు ధర్మవరం నుంచి వచ్చే అత్తామామలను అనంతపురంలో కొత్తగా తెరిచిన ఏషియన్ ఫ్యూజన్ (థాయ్, జపాన్ లాంటి ఆసియా వంటలు కలగలిపి పెట్టే) రెస్టారెంట్‌కు తీసుకెళ్లొచ్చా అని అడిగారు. అత్తయ్యగారు నీచు ముట్టరు, మామయ్యగారికి కారం లేనిదే ముద్ద దిగదు అన్నారు. తీసుకెళ్లండి. కాకపోతే మేం చేసిన పొరపాటు మీరు చేయకండి.

పోయిన దసరా సెలవుల్లో మా అమ్మానాయనలను అలాంటి చోటికే తీసుకెళ్లాను. పేరెందుకులెండి. ఆ రోజు శనివారం, అమ్మకు శనివారాలు నీచు లేదు. మెనూలో పచ్చ చుక్క చూసి వెజ్ ప్యాడ్ థాయ్ (థాయ్ నూడుల్స్) చెప్పాం. సగం తిన్నాక మా అక్క కూతురు, బెంగళూరులో చదువుతోంది లెండి, "మామా, ఇందులో ఫిష్ సాస్ వేస్తారు కదా" అంది. వెయిటర్‌ను అడిగితే లోపలికి వెళ్లొచ్చి "కొంచెమే వేస్తాం సార్" అన్నాడు. చేపల్ని ఉప్పులో నెలల తరబడి మాగబెట్టి తీసే రసం అది. కొంచెమైతే మాత్రం? అమ్మ ఒక్క మాట అనలేదు. ప్లేటు పక్కకు జరిపి చేతులు కడుక్కోవడానికి వెళ్లింది, పది నిమిషాలు రాలేదు. ఇంటికొచ్చాక రాత్రి పదింటికి తలస్నానం చేసింది.

అందుకే "ఇది వెజ్జేనా" అని అడగొద్దు, అవునంటారు. ఫిష్ సాస్, ఆయిస్టర్ (ఆల్చిప్పల) సాస్ వేస్తారా, థాయ్ కూర ముద్దలో రొయ్యల పేస్ట్ ఉందా అని పేరుపెట్టి అడగండి. మాగబెట్టిన సోయా ముద్దతో చేసే జపాన్ మిసో సూప్ కూడా చూడ్డానికి అమాయకంగా ఉంటుంది గానీ మామూలుగా ఎండు చేప కాచిన నీళ్లతోనే చేస్తారు. ఇవేవీ లేకుండా సోయా సాస్‌తో చేసిపెట్టమంటే చాలాచోట్ల చేస్తారు. ఆర్డర్ ఇచ్చేముందే చెప్పాలి.

ఇక మామయ్యగారి సంగతి. మా నాయన నలభై ఏళ్లు చెనిక్కాయలు (వేరుశనగ) పండించినాడు. పుల్లకు గుచ్చి కాల్చిన చికెన్ సాటే తెప్పిస్తే చికెన్ వదిలేసి పక్కనున్న చెనిక్కాయల సాస్‌లో వేలు ముంచి నాకి, కాసేపు ఆలోచించి, "ఇది మన ఊరిబిండే కదరా. కాయ బాగానే వేయించినారు, తీపి ఎక్కువైంది" అన్నాడు. ఊరిబిండి అంటే మా వైపు చేసే చెనిక్కాయల పచ్చడి. ఇండోనేసియా వంట అంటే నమ్మలేదు. ప్యాడ్ థాయ్‌లోనూ చింతపండు పులుపు, చెనిక్కాయల పలుకులు ఉంటాయి కాబట్టి అది కూడా నచ్చింది. కారం మాత్రం చాలదంటాడు. విడిగా చిల్లీ ఆయిల్ అడిగి పెట్టుకోండి. జపాన్ వంట సుషీతో వచ్చే ఆకుపచ్చ ముద్ద వాసబీ. దాని ఘాటు ఆవపిండి ఘాటులా ముక్కుకెక్కుతుంది. మనం మిరపకాయ బజ్జీలు తిని పెరిగినవాళ్లమే అయినా అక్కడ ధీమా పనికిరాదు.

సుషీ అంటే పచ్చి చేపే అని భయపడొద్దు. పుల్లగా వెనిగర్ కలిపిన అన్నం అది, కీరదోసకాయ పెట్టిన రోల్స్ కూడా ఉంటాయి. అయితే ఒక రోల్‌ను కోసిన ఎనిమిది ముక్కలతో కడుపు నిండదు. పెద్దవాళ్లకు ఒక ఫ్రైడ్ రైస్ కూడా చెప్పండి.

బిల్లులో 5 శాతం జీఎస్టీ ఎలాగూ ఉంటుంది. మాకు దాంతోపాటు 10 శాతం సర్వీస్ చార్జీ వేశారు. 2022 జులైలో వినియోగదారుల పరిరక్షణ అథారిటీ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం దాన్ని బిల్లులో వాళ్లంతట వాళ్లు కలపకూడదు. తీసేయమంటే గొడవ లేకుండా తీసేశారు.

ఇంకొకటి. ఫోన్ చేసి మామూలు కుర్చీలున్న టేబుల్ అడగండి. మాకిచ్చిన ఎత్తు స్టూళ్ల మీద నాయన కాళ్లు గాల్లో వేలాడాయి. ఏడింటికల్లా వెళ్లిపోతే మేలు, ఎనిమిది దాటితే పాటల మోతలో ఒకరి మాట ఒకరికి వినపడదు. అత్తయ్యగారికి ఆ రోజు ఉపవాసమో, వ్రతమో ఉందేమో కూడా ముందే కనుక్కోండి.