తాతగారి సావిడికి 9 లక్షల అప్పు చేయవచ్చా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. జీతం చేతికి 95 వేలు. ఇంటి లోన్ ఈఎంఐ 38 వేలు, ఇంటి ఖర్చు 35 వేలు, ఎఫ్‌డీ 4 లక్షలు ఉంది. భీమవరం దగ్గర మా ఊళ్లో తాతగారి పశువుల సావిడి పడిపోయేలా ఉంది. బాగుచేయడానికి 9 లక్షలవుతుందని మేస్త్రీ అంటున్నాడు. పిల్లలకు చూపించాలని ఉంది, హోమ్‌స్టేగా అతిథులకు అద్దెకిస్తే ఆదాయమూ వస్తుందని ఆశ. పర్సనల్ లోన్ తీసుకోమంటారా? నాన్నగారు వీలునామా రాయకుండానే పోయారు. అమ్మ, తమ్ముడు, చెల్లెలు ఉన్నారు.

జవాబు: సావిడిని తప్పకుండా నిలబెట్టుకోండి. ఆ లోన్ మాత్రం వద్దండి. 13 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 20,500 కట్టాలి, వడ్డీయే 3.3 లక్షల దాకా అవుతుంది. రెండు ఈఎంఐలు కలిపితే జీతంలో 60 శాతం దాటిపోతుంది. ఎఫ్‌డీ కూడా కదపకండి. మీ ఆరు నెలల ఖర్చుకే అది కాస్త తక్కువ.

ముందు హక్కు సంగతి తేల్చుకోండి. వీలునామా లేదు కాబట్టి అమ్మగారికీ, మీ ముగ్గురికీ వాటా ఉంటుంది. పెళ్లయిందని చెల్లెలి వాటా పోదు. అందరూ కూర్చుని మాట్లాడుకుని, పంపకమైనా, హక్కు విడుదలైనా (ఒకరు తన వాటా మరొకరికి వదులుకోవడం) రిజిస్టర్ చేయించుకోండి. నోటిమాట మీద లక్షలు పోస్తే రేపు డబ్బుతో పాటు అన్నదమ్ముల మధ్య మాటా పోతుంది.

ఇక అంచనా. మేస్త్రీతో పాటు పాత కప్పుల పని తెలిసిన వడ్రంగిని కూడా తీసుకెళ్లి పైకప్పు, గోడలు, నేల, కరెంటు ఖర్చులు విడివిడిగా రాయించండి. దూలం గోడలోకి దిగిన చోట సుత్తితో కొట్టి చూడమనండి. చెమ్మ, చెదలు ముందు పట్టేది అక్కడే. డొల్ల శబ్దం వస్తే ఆ దూలం మార్చాలి. మిగతావి గట్టిగా ఉంటే తాటి వాసాలు, పెంకులు చాలావరకు మళ్లీ వాడుకోవచ్చు. అన్నీ పీకేసి రేకులు వేసేద్దామంటారు, తొందరపడకండి. కప్పు కారకపోతే గోడలు ఆగుతాయి. నేల, సున్నం, బాత్రూం రెండేళ్ల తర్వాతైనా చేయించుకోవచ్చు.

నెలకు మిగిలే 22 వేలలో 15 వేలు ఆర్డీలో (నెలనెలా కట్టే బ్యాంకు డిపాజిట్) వేస్తే ఏడాదికి 1.8 లక్షలు చేతికొస్తాయి. తమ్ముడు, చెల్లెలు కూడా తలా కొంత వేసుకుంటే వచ్చే వేసవిలో, వానలు పడకముందే కప్పు పని పూర్తవుతుంది. అప్పటిదాకా కారే చోట పెంకులు సర్దించి టార్పాలిన్ కప్పించండి.

హోమ్‌స్టే ఆదాయం వస్తుందన్న ఆశతో ఖర్చు పెంచకండి. పిల్లలకు తాతల సావిడి చూపించాలన్న కోరికే చాలు, అది మంచి కోరిక. కలప, కొత్త కప్పు బిల్లులు మాత్రం దాచండి. ఎప్పుడైనా అమ్మాల్సి వస్తే, అలాంటి పెద్ద పనుల ఖర్చును క్యాపిటల్ గెయిన్స్ (అమ్మకంపై వచ్చిన లాభం, దానికి పన్ను ఉంటుంది) లెక్కలో తీసివేయవచ్చు.