తల పండిందా, గోరింటాకు పండిందా?

సందేహం: విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒక సోదరి ఇలా రాశారు. "నాది రింగుల జుట్టు. నలభై దాటాక అక్కడక్కడా తెల్లబడుతుంటే ఇంట్లోనే హెన్నా పెట్టుకుంటున్నాను. రాత్రి ఇనప మూకుట్లో టీ డికాషన్ పోసి పొడి నానబెట్టి, పొద్దున్నే పాయలు తీసి పట్టిస్తాను. మొన్న తల ఆరబెట్టుకుంటుంటే మా అత్తగారు చూసి 'తల బాగా పండిందే అమ్మాయ్' అన్నారు. తల పండటమంటే ముసలితనం కదా! జుట్టు విషయంలో ఆ మాట వాడవచ్చా? రింగుల జుట్టు అనాలా, ఉంగరాల జుట్టు అనాలా? హెన్నా అప్లై చేశాను అంటే తప్పా?"

సమాధానం: చివరి ప్రశ్న ముందు తేల్చేస్తాను. ఉద్యోగానికి అప్లై చేయండి, లోనుకు అప్లై చేయండి, నాకేమీ అభ్యంతరం లేదు. గోడకు సున్నం వేస్తాం, ఒంటికి నలుగు పెడతాం, కాలికి పసుపు రాస్తాం, తలకు ఆముదం పట్టిస్తాం. ఇన్ని క్రియలు చేతిలో పెట్టుకుని అన్నిటికీ ఒక్క 'అప్లై'తో సరిపెట్టుకోవడం ఏం పొదుపు? మీరే ఉత్తరం మొదట్లో 'పెట్టుకుంటున్నాను' అన్నారు, 'పట్టిస్తాను' అన్నారు. సందేహం అడగబోయేసరికి ఇంగ్లీషు ఎందుకు గుర్తొచ్చిందో!

హెన్నా అరబ్బీ నుంచి వచ్చింది, మెహందీ హిందీ వాళ్లది. వాడితే కొంప మునగదు. కాకపోతే ఆషాఢంలో రోట్లో రుబ్బితే గోరింటాకు, పెళ్లిలో కోనులోంచి వస్తే మెహందీ, పొడై ప్యాకెట్లో దూరితే హెన్నా అయిపోయింది. చెట్టు మాత్రం ఒక్కటే. 'గౌరి ఇంటి ఆకు' గనక గోరింటాకు అయిందని చెప్పే కథ ముచ్చటగానే ఉంటుంది, నమ్మమని మాత్రం చెప్పను. పోనీ గోరుకు అంటేది గనక గోరింట అందామా అంటే, ముళ్లగోరింట ఉందే, అది గోళ్లకు పెట్టుకునే చెట్టే కాదు.

ఇక అసలు సంగతి, పండటం. నేను గుంటూరు వాణ్ణి. ఈ మాట దగ్గర నాకు ముందు గుర్తొచ్చేది గోరింటాకు కాదు, మిరపకాయ. చేలో పచ్చగా వేలాడినన్నాళ్లు అది పచ్చిమిరపకాయ. ఎర్రబడి ఇంకా ఎండకపోతే పండుమిరపకాయ. తొడిమలు తీసి, ఉప్పూ చింతపండూ పెట్టి రోట్లో తొక్కుతుంటే చేతులు భగ్గున మండుతూ అరచేతులు ఎర్రబడేవి. "నీకు గోరింటాకు దండగరా, ఇదే పండింది" అనేది మా అమ్మ. అందుకే పండటమంటే ఎర్రబడటమేనని చాలాకాలం అనుకున్నాను. కాదు. చెట్టు మీద ఆకు పండితే పసుపు, అదే పండుటాకు. మిరపకాయ పండితే ఎరుపు. తల పండితే తెలుపు. రంగు ఏదైనా కావచ్చు, పచ్చితనం పోవడమే అందులో కీలకం. తమిళంలో పళం, కన్నడంలో హణ్ణు ఈ పండుకు తోబుట్టువులే. కన్నడం వాళ్లు వయసు బాగా మీరిన ముసలాయన్ని 'హణ్ణు హణ్ణు ముదుక' అంటారు. పండులాంటి ముసలాయన అన్నమాట. కడుపు పండటం, నోము పండటం, పాపం పండటం, గడ్డ పండటం అందరికీ తెలిసినవే.

గోరింటాకు దగ్గర ఈ క్రియ చేసిన చమత్కారం చూడండి. చెట్టు మీద ఉంటే పసుపెక్కి రాలిపోవాల్సిన ఆకు, నూరి చేతికి పెడితే అక్కడ పండుతుంది. ముందు 'గోరింటాకు పండింది' అన్నాం. ఆ తరవాత ఆకును వదిలేసి 'చెయ్యి పండింది' అనేశాం. ఆ లెక్కన తల కూడా పండాలి కదా? పండాలి, కానీ ఆ చోటును జుట్టు తెల్లబడటం ముందే ఆక్రమించుకుంది. తల పండినవాడంటే అనుభవజ్ఞుడని అర్థం స్థిరపడిపోయింది. చిక్కు ఇక్కడుంది.

ఇంకో తమాషా. నల్ల వెంట్రుక మీద గోరింటాకు ఎండలో కనిపించే ఎర్రని మెరుపు తప్ప ఏమీ చూపించదు. తెల్ల వెంట్రుక మీదే దాని ప్రతాపం. తొలిరోజు నారింజ రంగులో వెలిగి, రెండు రోజుల్లో ముదురుతుంది. అంటే తలలో ఒకసారి పండిన చోటే మళ్లీ పండుతోంది! ('నల్ల హెన్నా' అని అమ్మేవి కొనేముందు ప్యాకెట్ వెనక చదవండి. వట్టి గోరింటాకు నలుపు ఇవ్వదు. నలుపు కావాలంటే దాని మీద నీలి ఆకు పొడి పెట్టాలి.)

జుట్టు తెల్లబడటానికి నెరియడం మన పాత మాట. తమిళంలో నరై, కన్నడంలో నరె. సంస్కృతంలో పలితం. ఈ పలితాన్ని చూస్తే నాకు పత్రికల వాళ్లు గుర్తొస్తారు. 'పరీక్షా పలితాలు' అని అచ్చు వేస్తుంటారు. ఒత్తు ఎగిరిపోతే పరీక్షకు తెల్ల వెంట్రుకలు వచ్చాయని అర్థం. పిల్లల టెన్షన్ చూస్తే అదీ నిజమేనేమో!

ఉంగరాల జుట్టు అనండి, వినడానికి హాయిగా ఉంటుంది. రింగుల జుట్టు అన్నా తప్పు పట్టను. గిరజాలు మగవాళ్లకు ఎక్కువ నప్పుతుంది. కవులైతే అలకలు అన్నారు. భీష్ముడు చివరి ఘడియల్లో తలచుకున్న కృష్ణుణ్ణి పోతన 'హయరింఖాముఖ ధూళి ధూసర పరిన్యస్తాలకోపేత'మైన ముఖంతో చూపించాడు. గుర్రపు డెక్కల దుమ్ము రేగి, చెదిరిన ముంగురులు బూడిదవన్నె తిరిగాయి. డికాషన్ లేదు, మూకుడు లేదు, రథం తోలుతుండగానే రంగు పడిపోయింది. అది చూసిన భీష్ముడి కళ్లకు అంతకన్నా అందం లేదు.

మరి మీ అత్తగారి మాట? 'గోరింటాకు తలకు బాగా పండింది' అనో, 'బాగా పట్టింది' అనో అని ఉంటే ఏ పేచీ లేకపోను. 'తల బాగా పండింది' అనడం కూడా, చెయ్యి పండటం ఒప్పయినప్పుడు, తప్పని నేను అనలేను. మెచ్చుకున్నారో, వయసు గుర్తు చేశారో వ్యాకరణం చెప్పదు. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహం ఎలా ఉందో మీరు రాయలేదు.