కణితి మెరిసినంత మాత్రాన అక్కడ ఆక్సిజన్ తక్కువని రాయవచ్చా?

మహబూబ్‌నగర్‌లో ఎమ్మెస్సీ చదువుతూ హైదరాబాద్ ల్యాబులో ప్రాజెక్టు చేస్తున్న మీరు రెండు విషయాలు అడిగారు. నైట్రోఇమిడజోల్ (ఆక్సిజన్ తక్కువున్న కణాల్లో చిక్కుకునే రసాయనం) జత చేసిన నియర్ ఇన్‌ఫ్రారెడ్ సయనిన్ డైని, అంటే కంటికి కనబడని పరారుణ వెలుగుతో మెరిసే రంగును, చిట్టెలుక తోక సిరలోకి ఎక్కించి మరునాడు ఇమేజింగ్ చేస్తే కణితి బాగా మెరిసిందని, దానిని ఆక్సిజన్ కొరతకు రుజువుగా థీసిస్‌లో రాయవచ్చా అన్నది మొదటిది. ఆసుపత్రుల్లో వాడే ఐసీజీ (ఇండోసయనిన్ గ్రీన్) డైతోనే ఈ పని జరగదా అన్నది రెండవది. మాది మిర్యాలగూడ. ఇదే తరహా డైలతో హైదరాబాద్‌లో కొన్నేళ్లు పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: ప్రస్తుతం మీ చేతిలో ఉన్న ఆధారంతో అలా రాయకండి.

కణితిలో కేశనాళిక నుంచి ఆక్సిజన్ సుమారు 100 నుంచి 200 మైక్రాన్ల దూరం దాకానే చేరుతుంది, ఎందుకంటే దారిలో ఉన్న కణాలే దానిని వాడేసుకుంటాయి. సాగర్ ఎడమ కాలువ కింద పై భూములు తడిశాక చివరి పొలాలకు నీరు అందని సంగతి మన వైపు ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. 1955లో థామ్లిన్‌సన్, గ్రే అనే పరిశోధకులు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముక్కలలో గమనించినది కూడా అటువంటిదే. ఆక్సిజన్ అందని కణాలను చంపడానికి రేడియేషన్ మోతాదు రెండున్నర నుంచి మూడు రెట్లు కావలసి వస్తుంది కనుక, అవి ఎక్కడున్నాయో తెలుసుకోవడం రోగికి నిజంగా ఉపయోగపడే పని. అందుకే ఈ చిత్రాలను తొందరపడి చదవకూడదని నేను పట్టుబడతాను.

నైట్రోఇమిడజోల్ కణంలోకి వెళ్లగానే అక్కడి రిడక్టేజ్ ఎంజైములు దానికి ఒక ఎలక్ట్రాన్ ఇస్తాయి. ఆక్సిజన్ ఉంటే అది ఆ ఎలక్ట్రాన్‌ను లాక్కొని అణువును మళ్లీ మొదటి స్థితికి తెస్తుంది, డై బయటికి వెళ్లిపోతుంది. ఆక్సిజన్ పీడనం సుమారు 10 మిల్లీమీటర్ల పాదరసం కంటే పడిపోయినప్పుడు మాత్రం రిడక్షన్ ముందుకు సాగి, ఆ అణువు ప్రోటీన్లకు గట్టిగా అతుక్కుంటుంది. ఈ పని చేసేది బతికి ఉన్న కణమే కాబట్టి, పూర్తిగా చనిపోయిన కణితి మధ్యభాగం ఆక్సిజన్ ఏమాత్రం లేకపోయినా మెరవదు.

మీరు జాగ్రత్త పడవలసిన చోటు డైలోని సయనిన్ భాగం. హెప్టామెథిన్ సయనిన్లు అనే నియర్ ఇన్‌ఫ్రారెడ్ రంగులలో చాలా వాటికి, నైట్రోఇమిడజోల్ లేకుండానే, కణితిలో పోగుపడే గుణం ఉంది. రక్తంలోని అల్బుమిన్‌ను పట్టుకొని, లీకయ్యే రక్తనాళాల గుండా వెళ్లి అక్కడే నిలుస్తాయి, కొన్నింటిని కణాల మీది రవాణా ప్రోటీన్లే లోపలికి లాగుతాయి. కాబట్టి మీ చిత్రంలోని మెరుపులో ఆక్సిజన్ కొరత వాటా ఎంత, డై స్వభావం వాటా ఎంత అన్నది, నైట్రోఇమిడజోల్ తీసేసిన అదే డైని అదే మోతాదులో మరికొన్ని చిట్టెలుకలకు ఎక్కించి, అదే సమయానికి చూస్తే తప్ప తేలదు. ఆ పోలిక ప్రయోగం (కంట్రోల్) లేకపోతే, అచ్చయిన పేపరునైనా నేను అనుమానంతోనే చదువుతాను. మీరు 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర చూస్తున్నట్లయితే దాణాలోని లూసర్న్ గడ్డి పత్రహరితం వల్ల పొట్ట కూడా మెరుస్తుంది. 800 దగ్గర ఆ బాధ చాలా తక్కువ.

కణాలతో చేసే ప్రయోగంలో కూడా ఒక మెలిక ఉంది. ఒక శాతం ఆక్సిజన్ ఛాంబర్‌లో పెట్టగానే కణాలకు ఆక్సిజన్ తగ్గిపోదు. మీడియంలో కరిగినది, ప్లాస్టిక్ ప్లేటులో ఇంకినది మెల్లగా బయటికి వస్తూనే ఉంటుంది. అందుకని మీడియంను ముందు రాత్రే ఛాంబర్‌లో ఉంచేవాళ్లం, డైని లోపలే కలిపేవాళ్లం.

అన్నింటికంటే నమ్మదగినది కణితి సెక్షన్, అంటే మైక్రోస్కోపు కింద చూసే పలుచని కోత. కణితిని మైనంలో పొదిగే పారాఫిన్ పద్ధతిలోని ద్రావకాలు అతుక్కోని డైని కడిగేస్తాయి కనుక గడ్డకట్టించి తీసే ఫ్రోజెన్ సెక్షన్లే కోయండి. రక్తనాళాల గోడలను గుర్తించే సీడీ31 స్టెయిన్ వేసి చూసినప్పుడు, నాళం చుట్టూ కొన్ని వరుసల కణాలు చీకటిగా, వాటి వెనుక మెరిసే పట్టీ ఒకటి, దాని తరువాత చనిపోయిన భాగం మళ్లీ చీకటిగా కనబడితే, మీ డై ఆక్సిజన్‌కే స్పందిస్తున్నదని ధైర్యంగా చెప్పవచ్చు. నాళాన్ని ఆనుకునే మెరుపు ఉంటే అది లీకయిన డై. ఈ వెలుగు కంటికి కనబడదు. స్క్రీన్ మీది రంగు కంప్యూటర్ వేసినది మాత్రమే, కాబట్టి రెండు చిత్రాలను పోల్చే ముందు స్కేలు ఒకటేనా అని చూసుకోండి.

ఐసీజీ విషయం క్లుప్తంగా చెబుతాను. అమెరికాలో 1959లోనే ఆమోదం పొందిన ఆ డై రక్తం ఎక్కడిదాకా పారుతున్నదో చూపుతుంది, కొద్ది నిమిషాల్లోనే కాలేయం దానిని పైత్యరసంలోకి పంపేస్తుంది. ఆక్సిజన్‌ను అది గుర్తించదు. అలాగే మీ డై కూడా ఆక్సిజన్‌ను అంకెలలో చెప్పదు. అంకె కావాలంటే సూది ఎలక్ట్రోడ్ గానీ, ఆక్సిజన్‌ను బట్టి వెలుగు నిలిచే కాలం మారే పోర్ఫిరిన్ ప్రోబులు గానీ వాడాలి.

ఇప్పటికే తీసిన కణితులు మైనస్ 80లో భద్రంగా ఉంటే వాటిని వృథా చేయకండి. ఆక్సిజన్ కొరతను గుర్తించడానికి వాడే పిమోనిడజోల్‌ను జంతువు బతికుండగానే ఇవ్వాలి కాబట్టి ఆ అవకాశం దాటిపోయింది, కానీ ఆక్సిజన్ తగ్గినప్పుడు కణాలే పెంచుకునే సీఏ9 ప్రోటీన్‌కు ఆ ముక్కల మీద ఇప్పుడైనా స్టెయిన్ వేసి, డై మెరుపుతో కలుస్తుందో లేదో చూడవచ్చు. కంట్రోల్ డైకి కొత్త చిట్టెలుకలు అవసరం కనుక, జంతు నైతిక కమిటీకి సవరణ దరఖాస్తు ఈ వారమే పెట్టమని మీ గైడ్‌ గారిని అడగండి.