అద్దె సెడాన్‌లో క్రౌలీ లేక్ స్తంభాల దాకా వెళ్లొచ్చా?

సెప్టెంబరులో అమ్మానాన్న వస్తున్నారు, వాళ్లకి కాలిఫోర్నియాలోని క్రౌలీ లేక్ రాతి స్తంభాలు చూపించాలి, ఉన్నది అద్దె సెడాన్ అన్నారు. మీరు వెళ్లొచ్చు. కారు మాత్రం ఒడ్డు దాకా వెళ్లదు. అమ్మానాన్న సంగతి చివర్లో చెప్తాను.

కారు కంటే ముందు చూసుకోవాల్సింది నీటి మట్టం. ఇది సహజమైన సరస్సు కాదు, లాస్ ఏంజిల్స్ నగరానికి నీళ్ల కోసం 1941లో కట్టిన రిజర్వాయర్. మంచు కరిగి నిండుగా ఉన్నప్పుడు వెళ్తే స్తంభాల అడుగు భాగం నీళ్లలోనే ఉంటుంది, వాటి మధ్యలోకి వెళ్లలేరు. వేసవి చివర్లో నీళ్లు తగ్గాక వెళ్తే కిందికి దిగి మధ్యలో తిరగొచ్చు. కాబట్టి సెప్టెంబరు మంచి నెలే. అయినా బయల్దేరే ముందు ఆ వారంలో ఎవరైనా తీసిన ఫొటోలు దొరుకుతాయేమో చూడండి.

ఇక దారి. స్తంభాలున్నది తూర్పు ఒడ్డున, 395 హైవేకి అవతలి వైపు. తారు రోడ్డు అయిపోయాక మట్టి రోడ్డు, ఆ తర్వాత ఇసుక. చివర్లో ఏటవాలు, గుంతలు. ఎత్తుగా ఉండే ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు ఇంకాస్త ముందుకి వెళ్తాయి. నేను వెళ్లింది మామూలు కారులోనే. రోడ్డు గట్టిగా ఉన్నంత వరకూ వెళ్లి, పక్కకి ఆపి నడిచాను. మీరూ అదే చేయండి. ఇసుకలో కారు కూరుకుపోతే అక్కడికి టోయింగ్ బండి రావడమే కష్టం. పైగా అద్దె కంపెనీల ఒప్పందాల్లో సాధారణంగా ఇలాంటి రోడ్ల మీద నడపకూడదనే ఉంటుంది, బిల్లంతా మీ మీదే పడుతుంది.

ఎక్కడ ఆపారన్న దాన్నిబట్టి నడక ఒకవైపే రెండు మైళ్ల దాకా ఉండొచ్చు. వెళ్లేటప్పుడు దిగుడు కాబట్టి హాయిగా ఉంటుంది. వచ్చేటప్పుడు అదే ఇసుకలో ఎక్కాలి, అదీ దాదాపు 6,800 అడుగుల ఎత్తులో. నాకు ఆయాసం బాగానే వచ్చింది. చెట్టు నీడ లేదు, తాగే నీళ్లు లేవు, టాయిలెట్ లేదు. మ్యాప్ ముందే ఆఫ్‌లైన్‌లో దించుకోండి. మధ్యాహ్నం గాలి లేస్తుంది కాబట్టి పొద్దున్నే వెళ్లడం మేలు.

ఇంత కష్టపడి చూడాల్సినంత ఉందా అంటే, ఉంది. వరసగా రాతి స్తంభాలు, కొన్ని 20 అడుగుల ఎత్తు, పైన కమానులు, ఒంటి మీద అడుగుకొకటి చొప్పున వలయాల్లా పగుళ్లు. పాడుబడ్డ గుడి మండపంలోకి వచ్చినట్టుంటుంది. దగ్గర్లోని డెవిల్స్ పోస్ట్‌పైల్ స్తంభాలు లావా చల్లారి ముడుచుకుని పగిలినవి. ఇవి పుట్టిన తీరే వేరు. సుమారు 7,60,000 ఏళ్ల కింద ఇక్కడ లాంగ్ వ్యాలీ అగ్నిపర్వతం పేలి, ఆ బూడిద నెబ్రాస్కా దాకా పడింది. ఇక్కడ మందంగా పేరుకున్న వేడి బూడిదలోకి మంచు కరిగిన నీళ్లు ఇంకాయి, మరిగాయి, ఆవిరై పైకి లేచాయి. ఆ నీళ్లూ ఆవిరీ తిరిగిన దారుల వెంట ఖనిజాలు బూడిదని సిమెంటులా పట్టేశాయి. రిజర్వాయర్ కట్టాక అలలు చుట్టూ ఉన్న మెత్తటి బూడిదని కోసేస్తే గట్టిపడ్డ భాగం నిలబడింది. ఈ సంగతి కాలిఫోర్నియాలోని బర్కిలీ యూనివర్సిటీ పరిశోధకులు 2015లో తేల్చారు, దాదాపు 5,000 స్తంభాలు లెక్కపెట్టారు కూడా. బయటికి కనిపించేవి అందులో కొన్నే. రాయి చూడ్డానికి గట్టిగా ఉన్నా గీస్తే గీత పడుతుంది. కొందరు పేర్లు చెక్కారు, చూస్తే ఒళ్లు మండుతుంది. ఎక్కకండి, కమానుల కింద ఎక్కువసేపు కూర్చోకండి.

అమ్మానాన్నకి మోకాళ్ల నొప్పులుంటే మాత్రం తీసుకెళ్లొద్దనే అంటాను. దిగడం దిగుతారు, ఎక్కేటప్పుడు మీకే టెన్షన్. వాళ్లకి అదే అగ్నిపర్వతం తాలూకు హాట్ క్రీక్ చూపించండి. పార్కింగ్ పైనుంచే పొగలు కక్కే నీలం నీటి గుంటలు కనిపిస్తాయి, నడక తక్కువ. నీళ్లలోకి మాత్రం దిగనివ్వరు. మీరు తెల్లవారుజామునే, తోడుగా ఎవరినైనా తీసుకుని, స్తంభాలు చూసొచ్చేయండి.