షష్టిపూర్తి పువ్వుల గురించి మేనల్లుడికి రాసిన ఉత్తరం

విజయనగరం,
కార్తీక పౌర్ణమి.

చిరంజీవి మేనల్లుడికి అత్త ఆశీర్వచనాలు. ఇక్కడ మేమంతా క్షేమం; అక్కడ నువ్వు, కోడలు, పిల్లలు క్షేమమని తలుస్తాను.

ఫిబ్రవరి రెండో వారంలో మీ నాన్నకు చేయబోయే షష్టిపూర్తికి పువ్వులు, వచ్చినవారికి ఇచ్చే కానుకలు నేలకూ నీటికీ చేటు చేయనివిగా ఉండాలని, వాటిని ఎలా ఎంచుకోవాలో చెప్పమని రాశావు. పువ్వు కొనేటప్పుడు నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే ఉంది: శుభకార్యం ముగిసిన మరునాటి పొద్దున ఇది ఎక్కడ పడి ఉంటుంది? రంగు, ధర, వాసన ఆ తరువాతి మాటలు.

నేను పదవీ విరమణ చేసిన రోజున పిల్లలు, తోటి ఉపాధ్యాయులు ప్రేమతో ఇచ్చిన బొకేలు ఇరవై దాకా ఆటోలో ఇంటికి వచ్చాయి. రెండు రోజులకు అవి వాడిపోయి వాసన మొదలయ్యాక, పైనున్న జిలుగు కాగితాలు ఊడదీసి, మిగిలినదంతా పెరటిలోని ఎరువు గుంటలో వేశాను. మూడేళ్ల తరువాత జామ మొక్క కోసం ఆ మట్టి తవ్విస్తుంటే పార మొనకు మెత్తగా ఏదో తగిలింది. తీసి చూస్తే ఆకుపచ్చ ఇటుక. కాడలు గుచ్చిన కన్నాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. గోటితో నొక్కితే పొడిపొడిగా రాలి, ఆ పొడి నల్లమట్టిలో పచ్చటి ఇసుకలా కలిసిపోయింది. ఏరి తీద్దామంటే చేతికి చిక్కలేదు. ఇప్పటికీ ఆ జామచెట్టు పాదులో అది ఉండే ఉంటుంది.

ఆ ఇటుక ఫినాల్, ఫార్మాల్డిహైడ్ అనే రసాయనాలతో చేసిన నురగ ప్లాస్టిక్. నీటిని బాగా పీల్చుకుని కాడలను నిలబెడుతుంది కాబట్టి అలంకరణ చేసేవారికి ప్రాణం. కానీ అది మట్టిలో కుళ్లదు, చిన్న చిన్న రేణువులుగా మాత్రమే విడిపోతుంది. 2022 జులై 1 నుంచి దేశమంతటా అలంకరణకు థర్మాకోల్ వాడకాన్ని నిషేధించారన్న సంగతి మండపం వాళ్లకు తెలుసు. ఈ ఇటుక ఆ జాబితాలో లేదు కనుక, నువ్వు నోరు తెరిచి వద్దంటే తప్ప మానరు. బొకే చుట్టూ గుడ్డలా కనిపించే తెల్లటి ముసుగు కూడా చాలాసార్లు గుడ్డ కాదు. ఒక కొస అంటించి చూడు: నూలు గుడ్డ కాలి బూడిదవుతుంది, ఇది కరిగి ఉండ కడుతుంది.

దానికి బదులు ఏమిటని నువ్వు అడుగుతావు. మన పెద్దవాళ్లు పందిట్లో వాడిన అరటి బోదె ఉండనే ఉంది. గెల కోసిన చెట్టు బోదెను మూరెడు ముక్కలుగా నరికించి, పళ్లెంలో నిలబెట్టి, సన్నని వెదురు పుల్లతో ముందుగా కన్నం చేసి అందులో కాడ దిగేస్తే, దానిలోని తేమతోనే చేమంతి మరునాటి వరకూ తలవాల్చదు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోవాలి: కోసిన వెంటనే కారే అరటి కర బట్టకు పడితే వదలదు కనుక, ముక్కలను రాత్రే నరికి ఆరబెట్టి, పట్టుచీరలకు దూరంగా ఉంచమని చెప్పు. పెద్ద పాత్రల్లో అలంకరణకు ఇనుప వలను బంతిలా చుట్టి లోపల పెడితే సరిపోతుంది. అది ఏళ్ల తరబడి పనికివస్తుంది.

ఇక ఏ పువ్వు అన్నది. నీ ముహూర్తం ప్రేమికుల దినానికి రెండు రోజుల ముందు పడింది. ఆ వారంలో హోసూరు, బెంగళూరు వైపు పాలీహౌసుల్లో పెంచిన పొడవు కాడల గులాబీ ధర మండిపోతుంది. శీతల గదుల్లో ఉండి, లారీలో ఇంత దూరం వచ్చి, మన ఎండకు సాయంత్రానికే మెడ వాలుస్తుంది. గులాబీ తోట మీద బతికేవాడి మీద నాకు కోపం లేదు, కానీ ఆ వారంలో ఆ పువ్వు కొనడం తెలివైన పని కాదు. మల్లెలకు అప్పటికి ఇంకా రోజులు రావు. దొరికినా పిడికెడు మొగ్గలకు నగ ధర చెబుతారు. చేమంతి రాత్రులు పొడవుగా ఉండే కాలంలో పూసే మొక్క, ఫిబ్రవరిలో చివరి కోతలు బాగానే ఉంటాయి, కాబట్టి పసుపు, తెలుపు చేమంతులు ధారాళంగా తీసుకో. నీలం చేమంతి చూపిస్తే మాత్రం వెనక్కి ఇచ్చేయి. చేమంతికి సహజంగా నీలం లేదు, అది రంగునీళ్లు తాగించినది. కాడను అడ్డంగా కోస్తే లోపలి ఈనెలు కూడా నీలంగా కనబడతాయి. సువాసన లేదన్న ఒక్క లోటు తప్ప, కనకాంబరం రెండు మూడు రోజులు వాడకుండా ఉంటుంది కనుక ఆడవాళ్ల జడలకు అదే చెబుదాం. మధ్య మధ్య మరువం, దవనం కలిపి కట్టిస్తే ఆ లోటూ తీరుతుంది.

తోరణాలకు, పీటల వెనుక తెరకు బంతిని మించినది లేదు. అయితే ముహూర్తం ముందురోజు బజారుకు వెళ్లి కొంటే, కడియపులంక మార్కెట్ నుంచి లారీల్లో వచ్చిన సరుకే దొరుకుతుంది. అది మంచి పువ్వే గానీ, బస్తాల్లో నలిగి వస్తుంది. విత్తనం వేసిన నెలకు నారు, నారు నాటిన సుమారు రెండు నెలలకు పువ్వు చేతికి వస్తాయి కనుక, నెల్లిమర్ల వైపు మనకు తెలిసిన రైతుతో ఇప్పుడే మాట్లాడుకుంటే ఆ తెల్లవారుజామున కోసినది నేరుగా పందిట్లోకి వస్తుంది. చివరి మూడు వారాలు మందు కొట్టవద్దని కూడా ముందే ఒప్పుకోవచ్చు. బేరం ఆడకు, అడిగిన ధర ఇచ్చి, సగం ముందుగా చేతిలో పెట్టు.

దండలు కట్టేది అరటి నారతోనా, నైలాన్ దారంతోనా అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, మరునాడు ఆ దారం ఆవు కడుపులోకి పోయేది నేను చూశాను. నార ముందు రాత్రి నీళ్లలో నానితే తాడులా వంగుతుంది, పువ్వుతోపాటే మట్టిలో కలుస్తుంది. మూరలు పొట్లం కట్టడానికి సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ నుంచి గిరిజనులు సంతకు తెచ్చే అడ్డాకులు తెప్పిస్తాను. ప్లాస్టిక్ సంచిలో చెమర్చి నల్లబడే పువ్వు ఆ ఆకులో చల్లగా ఉంటుంది. వేదిక మీది పెద్దలకు బొకేలు వద్దు. ఒక చేమంతి, రెండు మరువం రెమ్మలు నారతో కట్టి చేతికిస్తే వారు వాసన చూసి జేబులో పెట్టుకుంటారు.

కానుకల మాటకు వస్తే, అందరికీ మొక్క ఇద్దామన్న నీ ఆలోచనకు నేను సగమే ఒప్పుకుంటాను. మూడో అంతస్తులో ఎండ పడని ఇంటికి మల్లె అంటు ఇస్తే అది ఎండిపోవడం చూసి వారికి బాధ, ఇచ్చినందుకు మనకు అపవాదు. పెరడు, డాబా ఉన్నవారి పేర్లు మాత్రం విడిగా రాయి. వారికి మట్టి కుండీలో గానీ, ఉద్దానం కొబ్బరి పీచుతో చేసిన తొట్టెలో గానీ ఇద్దాం. కొత్త రకం పూలమొక్కలని నర్సరీవాళ్లు చూపించేవాటి జోలికి పోకు. మన చెరువులను మింగుతున్న గుర్రపుడెక్క కూడా ఒకప్పుడు పువ్వు అందానికి ముచ్చటపడి తెచ్చుకున్నదే.

దగ్గరి పెద్దలకు పొందూరు ఖద్దరు కండువాలు ఇవ్వాలని నా కోరిక. దసరా నుంచి మన వీధి గుడిలో దేవుడి మెడలోంచి దిగిన బంతి దండలను అర్చకులను అడిగి తెచ్చి, రేకులు విడదీసి నీడన ఆరబెడుతున్నాను. ఇప్పటికి రెండు గోనెలు నిండాయి. నూలుకు రంగు ఊరికే పట్టదు. ముందు కరక్కాయ నీళ్లలో నానబెట్టి ఆరవేయాలి, తరువాత పటిక నీళ్లలో ముంచాలి, ఆ పైన రేకులు ఉడికించిన నీటిలో సన్నని సెగ మీద గంటసేపు ఉంచాలి. పండిన నిమ్మపండు రంగు వస్తుంది. చేతిరుమాళ్లు చేద్దామని మీ పిన్ని అన్నది గానీ నేను ఒప్పుకోలేదు. దేవుడి పువ్వు రంగు భుజాన ఉండాలి, ముక్కు తుడుచుకోవడానికి కాదు. కుంకుడుకాయతో ఉతికి నీడన ఆరవేయమని చిన్న చీటీ కూడా పెడదాం. ఎండలో వేస్తే వెలిసిపోతుంది, ఆ సంగతి దాచకూడదు.

మిగిలినవారికి బుడితి ఇత్తడి కుంకుమ భరిణెలు చాలు. అవి తరాలు నిలుస్తాయి. వాడిన పువ్వుకు మళ్లీ విలువ కట్టే పని పెద్ద ఎత్తునా జరుగుతోంది. తిరుమల తిరుపతి దేవస్థానం 2021లో స్వామివారి ఆలయాల్లో వాడిన పువ్వులతో అగరుబత్తీలు మొదలుపెట్టింది, డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం సాయంతో ఎండు పూలతో దేవుడి పటాలు కూడా చేయించింది. దూరం నుంచి వచ్చే బంధువులకు అలాంటి పటం ఇవ్వవచ్చు. ప్లాస్టిక్ పూల గుత్తులు మాత్రం మన ఇంటి నుంచి ఎవరి చేతికీ వెళ్లకూడదు. అందులో తీగ, గుడ్డ, ప్లాస్టిక్ అతుక్కుని ఉంటాయి కనుక పాత సామాను కొనేవాడు కూడా ముట్టుకోడు.

మండపం వాళ్లతో రాసుకునే కాగితంలో ఒక వాక్యం చేర్చు: నురగ ఇటుక, నైలాన్ దారం, ప్లాస్టిక్ దండ వాడితే చివరి వాయిదా సొమ్ము ఇవ్వబడదని. మరునాటి పొద్దున ఆరు గంటలకు నేనే వస్తాను. అరటి బోదెలు, పువ్వులు మన ఎరువు గుంటకు వెళతాయి. పెద్ద చెరువులో గానీ, చంపావతిలో గానీ పోయనివ్వను.

బంతి విత్తనం ఈ వారమే నారుమడిలో పడాలి. ఎన్ని కిలోలు కావాలో ఆదివారంలోగా రాయి. రైతు విత్తనం తెచ్చి పెట్టుకుని నా మాట కోసం కూర్చున్నాడు.

ఇట్లు,
నీ మేనత్త