ముందు పోతున్న డబ్బు లెక్క తీయి

చిరంజీవి శ్రీనుకి,

బాబాయి ఆశీస్సులు. నీ వెల్డింగ్ షెడ్డులో తనిఖీకి ఇద్దరు ఇన్‌స్పెక్టర్లని పెట్టుకుని, నాణ్యతకిచ్చే ఐఎస్‌ఓ సర్టిఫికెట్ తెచ్చుకోడానికి అప్పు చేస్తానన్నావట. ఆగరా.

ఒక్క నెలపాటు, పాడైన పనికి ఎంత పోతోందో రాయి. ఎక్స్‌రే తీస్తే లోపల లోపం కనబడి ఫెయిలైన జాయింటుని గ్రైండింగ్ చేసి తవ్వినవాడి కూలి, అరిగిన డిస్కులు, మళ్లీ వెల్డింగు, మళ్లీ ఎక్స్‌రే, ఆలస్యమైందని ఆర్డరిచ్చిన పార్టీ బిల్లులో కోసుకున్నది, ఊరికే నిలబడ్డ క్రేను అద్దె. ఇవన్నీ జీతాలు, సామాన్ల పద్దుల్లో కలిసిపోయి నీ కంటికి ఆనడం లేదు.

ఫైగన్‌బామ్ అనే అమెరికా ఇంజినీరు 1956లోనే ఈ ఖర్చుల్ని మూడుగా విడదీశాడు: తప్పు జరక్కుండా పెట్టేది, తనిఖీకి పెట్టేది, తప్పు జరిగాక పోయేది. మొదటిదాని మీద కాస్త ఎక్కువ పెడితే మిగతా రెండూ దిగొస్తాయన్నాడు. నువ్వేమో రెండోదాంతో మొదలెడుతున్నావు.

మొన్న ఆటోనగర్‌లో నీ షెడ్డుకి వచ్చినప్పుడు చూశాను, 7018 రకం వెల్డింగు రాడ్ల ప్యాకెట్లు విప్పి బల్లమీదే వదిలేశారు. మన విశాఖ సముద్రపు గాలికి ఆ రాడ్ల మీది పూత ఇట్టే చెమ్మ పీలుస్తుంది. చెమ్మలోని హైడ్రోజన్ వెల్డులోకి దిగితే బుడగలు, పగుళ్లు. కొన్ని పగుళ్లు మర్నాటికిగానీ బయటపడవు. ఇన్‌స్పెక్టరు వాటిని పట్టుకోగలడేగానీ ఆపలేడు. ముందు రాడ్లలో చెమ్మ పోగొట్టే బేకింగ్ ఓవెన్ కొను. కంపెనీ ప్యాకెట్ మీద వేసిన వేడిలో, వేసినంతసేపూ రాడ్లు కాల్చు. వెల్డర్ పక్కన చిన్న ఓవెన్ ఒకటి ఉంచి, అందులోంచే తీసి వాడమను.

రిపేర్లు తగ్గి మిగిలిన డబ్బుతోనే, తప్పు జరక్కుండా ఆపే తర్వాతి పని ఎత్తుకో. ఓవెన్ వచ్చింది కదా అని ఎక్స్‌రేలు తగ్గించేయకు. జాయింట్లు వరసగా పాసవుతున్నాయని లెక్కలో కనబడాలి, పార్టీ కూడా ఒప్పుకోవాలి. సర్టిఫికెట్టంటావా, ఆర్డరిచ్చేవాళ్లు అడిగినప్పుడు చూద్దాం.

రిపేరు వచ్చినప్పుడల్లా వెల్డర్ జీతం కోయడం మాత్రం ఇవాళే మానెయ్యి. కోతకి భయపడి వాళ్లు తప్పులు దాచేస్తే నీ లెక్కంతా వృథా. ఏ జాయింటు, ఏ రాడ్డు, ఏ షిఫ్టు, ఎందుకు పోయింది, అన్నీ మేస్త్రీ చేతే రాయించు.

మీ బాబాయి